సింహం కథకు తొలి శ్రోత

పిల్లలకోసం కథలు వ్రాసేవాణ్ణి మనవాళ్ళు రచయితల లెక్కలో వేయరు. అందులోనూ ఆ కథలో దేవుడి ఊసు ఉన్నదంటే వాడి పని మరీ అధ్వాన్నం. సాహిత్యం తెలిసినవారు "ఇది ప్రచారం" అని పక్కన పెడతారు. మందిరంలోని పెద్దలు "కథ బాగానే ఉన్నది గాని, ఇందులో వాక్యమేదీ?" అని అడుగుతారు. రెండువైపులా మొట్టికాయలే. ఇది ఎవరో చెప్పగా విన్న మాట కాదు; ఆ మొట్టికాయలు తిన్న తల నాది.

పగలంతా ఆఫీసులో ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ నోట్లు వ్రాసి, డ్రాఫ్టులు దిద్ది, రాత్రి భోజనాలయ్యాక తెలుగులో నాలుగు పంక్తులు వ్రాసుకోవడం నాకు చాలా ఏళ్ళుగా అలవాటు. మాది బరంపురం. మా సండేస్కూలు పిల్లల్లో చాలామందికి తెలుగు చెవికి వచ్చు, కంటికి రాదు. బడిలో చదివేది ఒడియా, ఇంగ్లీషు. కథ వారి చేతికిస్తే లాభం లేదు. మనమే చదివి వినిపించాలి. మొన్నటి క్రిస్మసుకు ముందు వారికోసం ఒక కథ వ్రాశాను. తప్పిపోయిన మేకపిల్ల, దాన్ని వెతకబోయిన కుంటి కుర్రవాడు, అదీ కథ.

ఏది వ్రాసినా మొదట నా ఎదుటి బల్ల దగ్గర కూర్చునే మిత్రుడికి చూపించడం ఆనవాయితీ. ఇరవై ఏళ్ళ స్నేహం. నాకన్న పెద్ద చదువరి. టిఫిన్ డబ్బా మూతపెట్టి, చేయి తుడుచుకుని, కాగితాలన్నీ ఓపికగా చదివాడు. "ఇది లాభం లేదోయ్! మేకపిల్ల చేత మాట్లాడిస్తావు. నాలుగు పుటలు తిరక్కముందే పాదిరిగారి చేత ప్రసంగం చెప్పిస్తావు. ఏదో ఒకటి చెయ్యి" అన్నాడు. కోపంతో అన్న మాట కాదు. అయినా ఆ కాగితాలు నా సొరుగులో, పాత రసీదు పుస్తకాల కింద, మూడు నెలలు పడి ఉన్నాయి.

ఆ మూడు నెలల్లోనే సి. ఎస్. లూయిస్‌గారి సంగతులు చదవడం తటస్థించింది. నార్నియా కథలు వ్రాసిన ఇంగ్లీషు రచయిత ఆయన. మన పిల్లలలో కొందరు 2005లో వచ్చిన సినిమా చూసే ఉంటారు. ఒక పాత బీరువా తలుపు తీసి లోపలికి వెళ్తే, కోట్ల వెనుక మంచు కురిసే అడవి ఉంటుంది. ఆ దేశానికి అధిపతి ఆస్లాన్ అనే సింహం. ఇంత పేరుపడిన కథకూ ఒకప్పుడు దగ్గరి స్నేహితుడి నోట నాకు దొరికినలాంటి తీర్పే దొరికిందని తెలిసి, కొంత ఊరట కలిగింది. పోలిక అతిశయమని నాకూ తెలుసు; పాఠకులు మన్నించాలి.

లూయిస్ 1898లో బెల్‌ఫాస్టులో పుట్టారు. తొమ్మిదేళ్ళ వయసులో, 1908లో, తల్లి కాన్సరుతో చనిపోయింది. అమ్మ బతకాలని ఆ పిల్లవాడు ప్రార్థన చేశాడు, ఆమె బతకలేదు. యౌవనం వచ్చేనాటికి దేవుడి మీద నమ్మకం పూర్తిగా వదిలేశారు. మొదటి ప్రపంచయుద్ధంలో సిపాయిగా వెళ్ళి 1918లో గాయపడి తిరిగివచ్చారు. 1925లో ఆక్స్‌ఫర్డులోని మాడ్లిన్ కాలేజిలో అధ్యాపకులయ్యారు. ఆ మరుసటి సంవత్సరం అక్కడే జె. ఆర్. ఆర్. టోల్కీన్‌గారితో పరిచయమైంది.

టోల్కీన్ పాత ఇంగ్లీషు భాషలో పండితులు, గట్టి రోమన్ కాథలిక్కు. లూయిసేమో బెల్‌ఫాస్టు ప్రొటెస్టెంటు ఇంట పుట్టి, ఏ నమ్మకమూ లేనివారు. ఇద్దరికీ ఉమ్మడి ఆస్తి పాతకాలపు గాథల మీద ఇష్టం. 1929 చివర టోల్కీన్ తాను ఎవరికీ అంతగా చూపని ఒక దీర్ఘకావ్యం వ్రాతప్రతిని లూయిస్ చేతికిచ్చారు. లూయిస్ దాన్ని రాత్రి పొద్దుపోయేదాకా చదివి, ఆనందం పట్టలేక ఉత్తరం వ్రాశారు. తరువాత తప్పులూ ఒప్పులూ పుటలకొద్దీ వ్రాసి పంపారు. పండితుల వ్యాఖ్యానం తీరులో, పాత తాళపత్రాలను పరిష్కరిస్తున్నట్టు వేళాకోళంగా వ్రాశారట. నొప్పించకుండా తప్పులు చెప్పడానికి అదొక ఉపాయం.

1931 సెప్టెంబరులో ఒక రాత్రి లూయిస్, టోల్కీన్, హ్యూగో డైసన్ అనే మరొక మిత్రుడూ మాడ్లిన్ కాలేజి తోటలో నడుస్తూ, తరువాత గదిలో కూర్చుని తెల్లవారుజాము దాకా మాట్లాడుకున్నారు. పురాణ గాథలంటే నీకు ప్రాణం కదా, చనిపోయి తిరిగి లేచిన దేవుడి కథ ఇంకెక్కడ చదివినా మనసు కరుగుతుంది కదా, సువార్తలో చదివితే ఎందుకు కరగదు? అదీ చర్చ. కొద్ది రోజులకే లూయిస్ అన్నగారి మోటారు సైకిలు పక్కబండిలో కూర్చుని జంతుప్రదర్శనశాలకు బయలుదేరారు. బయలుదేరినప్పుడు లేని విశ్వాసం, చేరేటప్పటికి ఉన్నదని తరువాత వ్రాసుకున్నారు. ప్రసంగాలు వినీ కాదు, తర్కానికి లొంగీ కాదు, కథల మీద ప్రీతి దారిని ఆయన క్రీస్తు దగ్గరకు చేరారు. దీన్ని గుర్తుంచుకోవాలి, పిల్లల కథల దగ్గర మళ్ళీ అవసరమౌతుంది.

ఆ స్నేహం చుట్టూనే ఒక గోష్ఠి పెరిగింది. పేరు ఇంక్లింగ్స్. ఆ మాటకు లీలామాత్రమైన ఊహ అని అర్థం. 'ఇంకు'తో పొద్దుపుచ్చేవాళ్ళు అనే చమత్కారమూ అందులో ఉన్నది. గురువారం రాత్రి భోజనాలయ్యాక లూయిస్ గదిలో చేరేవారు. టీ, పొగాకు పైపులు, చలిమంట. "ఎవరైనా ఏమైనా తెచ్చారా?" అని అడిగితే, ఎవరో ఒకరు జేబులోంచి కాగితాలు తీసి చదివేవారు. మొగమాటం లేదు. బాగుంటే బాగున్నదనేవారు, బాగాలేకపోతే నిలబెట్టి కడిగేవారు. మంగళవారం పొద్దున్న ఊళ్ళోని ఒక సారాయి దుకాణంలో మళ్ళీ కలిసేవారు గాని, అక్కడ చదువు తక్కువ, కబుర్లు ఎక్కువ.

వీరందరూ ప్రొఫెసర్లే అనుకునేరు! హావర్డ్ అనే ఆయన వైద్యుడు. లూయిస్ అన్న వారెన్ సైన్యంలోంచి విరమించుకున్న మేజరు. ఓవెన్ బార్‌ఫీల్డ్ లండనులో సొలిసిటరు. ఆఫీసు వదిలి రావడానికి వీలు చిక్కినప్పుడు వచ్చేవారు. నన్ను మరీ ఆకట్టుకున్నది చార్లెస్ విలియమ్స్. ఫీజు కట్టలేక లండను కాలేజి చదువు మధ్యలో మానేసి, 1908లో ఆక్స్‌ఫర్డు యూనివర్శిటీ ప్రెస్సువారి లండను ఆఫీసులో ప్రూఫులు దిద్దే పనిలో చేరి, 1945లో చనిపోయేదాకా ఆ సంస్థలోనే ఉన్నారు. పగలు ఆఫీసు, రాత్రి నవలలు, కవిత్వం. యుద్ధం వచ్చి 1939లో ఆ ఆఫీసు ఆక్స్‌ఫర్డుకు తరలినప్పుడు ఆయనా వచ్చి ఈ గోష్ఠిలో చేరారు. డిగ్రీలేని ఆ మనిషి మాటకు డిగ్రీలిచ్చే పెద్దలు చెవి ఒగ్గేవారు. 1943లో విశ్వవిద్యాలయమే గౌరవ ఎం. ఏ. ఇచ్చింది. మెట్రిక్యులేషనుతో ఆగిపోయిన నాబోటివాడు ఈ సంగతి రెండుసార్లు చదివాడంటే ఆశ్చర్యం లేదు కదా.

ఈ గోష్ఠిలో అందరికన్న ఎక్కువ ప్రోత్సాహం ఇచ్చినవారు లూయిసే. టోల్కీన్ చేయి మహా నెమ్మది. వ్రాసింది కొట్టివేయడం, మళ్ళీ మొదటినుంచి వ్రాయడం. పిల్లలకోసం ఆయన వ్రాసిన 'హాబిట్' 1937లో అచ్చయితే లూయిస్ పత్రికలో దాన్ని మెచ్చుకుంటూ సమీక్ష వ్రాశారు. ఆ డిసెంబరులో దాని తరువాయి మొదలుపెట్టారు టోల్కీన్. అది పెరిగి పెరిగి 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' అయింది. పూర్తికావడానికి పన్నెండేళ్ళు పట్టింది. మధ్యలో 1943 ప్రాంతంలో కథ నెలల తరబడి ఆగిపోయింది. లూయిస్ ఊరుకోలేదు. ఏదీ తరువాతి అధ్యాయం, ఏదీ, అని వెంటపడ్డారు. 1944 వసంతంలో కథ మళ్ళీ కదిలింది. వ్రాసిన అధ్యాయం వ్రాసినట్టు లూయిస్‌కూ విలియమ్స్‌కూ చదివి వినిపించేవారు. చాలాకాలం తన కథకు ఉన్న ఏకైక శ్రోత లూయిసేననీ, ఆయన పురికొల్పకపోతే అది పూర్తయ్యేదే కాదనీ టోల్కీన్ తరువాతి కాలంలో ఒప్పుకున్నారు. అందరూ అలా విన్నారనుకోకండి. డైసన్‌గారికి ఆ కథ గిట్టేది కాదు. ఆయన గదిలో ఉంటే టోల్కీన్ కాగితాలు బయటికి తీయని పరిస్థితి వచ్చిందని వారెన్ 1947 నాటి డైరీలో నొచ్చుకుంటూ వ్రాసుకున్నారు.

ఇక లూయిస్ సొంత కథ.

పదహారేళ్ళ వయసులో ఆయన మనసులో ఒక బొమ్మ పడింది. మంచు కురిసే అడవిలో గొడుగు వేసుకుని, చంకలో పొట్లాలతో నడిచిపోతున్న ఫాన్, అంటే నడుముదాకా మనిషి, కింద మేక. అంతే, కథ లేదు. 1939లో లండను మీద బాంబులు పడతాయన్న భయంతో పిల్లలను పల్లెలకు పంపినప్పుడు కొందరు ఆడపిల్లలు లూయిస్ ఇంట దిగారు. పెళ్ళీ పిల్లలూ లేని ఇంట్లో ఒక్కసారిగా పిల్లల సందడి. అప్పుడే, ఇల్లు విడిచివచ్చిన నలుగురు పిల్లల గురించి కథ ఒకటి మొదలుపెట్టి వదిలేశారు. పదేళ్ళు గడిచాయి. సింహాలు కలలోకి రావడం మొదలయిందట. సింహం కథలోకి దూకిన తరువాత మిగతాదంతా తనంతట అదే కూడివచ్చిందని ఆయన చెప్పుకున్నారు.

1949 తొలి నెలల్లో ఆ కథ మొదటి భాగం టోల్కీన్‌కు చదివి వినిపించారు. పన్నెండేళ్ళు తాను ఎవరి కథ విన్నారో ఆయనకే! టోల్కీన్‌కు నచ్చలేదు. నచ్చకపోవడం కూడా కొద్దిగా కాదు. ఆయన తన కథాప్రపంచానికి భాషలు, లిపులు, వంశవృక్షాలు, పటాలు తయారుచేసి ఒక్క రాయి కదలకుండా కట్టుకున్న మనిషి. లూయిస్ కథలో గ్రీకు పురాణాల ఫాన్, ఉత్తరదేశపు హిమరాణి, మాట్లాడే నీటికుక్కలు, చాలనట్టు క్రిస్మసు తాత, అందరూ ఒకే అడవిలో! మన వీధి నాటకంలో ఒకే రంగంలోకి శ్రీకృష్ణుడూ, బాలనాగమ్మా, పరమానందయ్య శిష్యులూ కలిసి వస్తే పండితుడికి ఎలా ఉంటుందో అలా ఉండి ఉంటుంది. ఈర్ష్య అని కొందరంటారు. నాకు అలా తోచదు. అభిరుచి వేరు, అంతే. కాని దెబ్బ తగిలేచోట అభిరుచి చేసిన గాయమూ గాయమే.

ఆ మార్చి 10వ తేదీ రోజర్ లాన్సెలిన్ గ్రీన్ అనే ఆయన ఆక్స్‌ఫర్డుకు వచ్చి లూయిస్‌తో భోజనం చేశారు. ఒకప్పుడు లూయిస్ ఉపన్యాసాలు విన్న విద్యార్థి. అప్పటికి ముప్పై ఏళ్ళవాడు. ఆయనా పిల్లల కథలు వ్రాసేవాడే. ఆయన వ్రాతప్రతి ఒకటి లూయిస్ అంతకుముందే చదివారు. తరువాతి కాలంలో ఆర్థర్ రాజు కథలూ, రాబిన్ హుడ్ కథలూ పిల్లలకు తిరగవ్రాసి పేరు పొందినవారు ఈయనే. భోజనమయ్యాక గదిలో లూయిస్ తన కథ రెండు అధ్యాయాలు చదివారు. చదివి ఆగి, టోల్కీన్‌కు ఇది బొత్తిగా నచ్చలేదని చెప్పి, కొనసాగించడం దండగేమో అన్న అనుమానం వెలిబుచ్చారు. ఒక్కసారి ఊహించుకోండి: యాభై ఏళ్ళ ఆచార్యుడు, దేశమంతా రేడియోలో విన్న వక్త, తన పాత విద్యార్థిని పట్టుకుని "ఇది బాగున్నదా?" అని అడగడం!

గొప్ప పుస్తకాల వరుసలో చేరేదొకటి తన చెవిన పడుతున్నదని ఆ రాత్రే తోచిందని గ్రీన్ తరువాత వ్రాశారు. కొనసాగించమని గట్టిగా చెప్పారు. కొద్ది వారాల్లో కథ పూర్తయింది. ఆ తరువాత కట్ట తెగినట్టే! 1950 నుంచి 1956 దాకా ఏడాదికొకటి చొప్పున ఏడు పుస్తకాలు. ప్రతి వ్రాతప్రతీ గ్రీన్ చేతికి వెళ్ళి వచ్చేది. గ్రీన్ తల ఊపే బాపతు కాదు. మొదటి పుస్తకంలో క్రిస్మసు తాతను తీసేయమన్నారు; లూయిస్ వినలేదు, తాత అక్కడే ఉన్నాడు. 'మాంత్రికుడి మేనల్లుడు' అనే కథలో ఒక భాగం మిగతాదానితో పొసగలేదన్నారు. లూయిస్ విని ఆ భాగాన్ని కోసేశారు. మొదటి పుస్తకం అంకితం బార్‌ఫీల్డ్‌గారి పెంపుడు కుమార్తెకు. కథలోని చిన్నపిల్ల పేరూ, ఆమె పేరూ ఒకటే, లూసీ. పుస్తకం అచ్చయి చేతికి వచ్చేసరికి ఆ పిల్లకు పధ్నాలుగేళ్ళు దాటిపోయాయి. బొమ్మలు వేసిన పాలిన్ బేన్స్ అంతకుముందు టోల్కీన్ పుస్తకానికి వేసిన ఆవిడే. వద్దన్న స్నేహితుడి ఇంటినుంచే చిత్రకారిణి వచ్చిందన్నమాట.

ఇంతకూ ఆ కథల్లో క్రైస్తవం ఎక్కడున్నది? ఎడ్మండ్ అనే పిల్లవాడు ఒక మిఠాయికి ఆశపడి తోబుట్టువులను మంత్రగత్తెకు పట్టిస్తాడు. ఆ మిఠాయి పేరు టర్కిష్ డిలైట్, మన హల్వాకు దగ్గరి చుట్టం. (మనకు నవ్వు వస్తుంది గాని, యుద్ధకాలపు రేషను మూలంగా ఇంగ్లండులో మిఠాయిల కొరత 1953 దాకా ఉన్నది. ఆ పిల్లలకు ఎడ్మండ్ ఆశ బాగా అర్థమయ్యే ఉంటుంది.) ద్రోహి ప్రాణం మంత్రగత్తెకు చెందాలని చట్టం. అతనికి బదులు ఆస్లాన్ రాతిబల్ల మీద ప్రాణమిచ్చి, తెల్లవారగానే తిరిగి లేస్తాడు. క్రీస్తు పేరు ఎక్కడా రాదు. పాదిరి లేడు, ప్రసంగం లేదు.

ఎందుకిలా వ్రాశారో 1956లో ఒక వ్యాసంలో ఆయనే చెప్పారు. క్రైస్తవ సిద్ధాంతాల జాబితా ముందు పెట్టుకుని కథ అల్లలేదట. ముందు బొమ్మలు వచ్చాయి, మిగతాది వాటి వెంట వచ్చింది. ఇంకొక మాట కూడా చెప్పారు. చిన్నప్పుడు క్రీస్తు శ్రమలను గురించి పెద్దలు గొంతు తగ్గించి, "నీకు ఇలా అనిపించాలి" అని చెబుతుంటే, అనిపించవలసింది కాస్తా గడ్డకట్టుకు పోయేదట. అదే సంగతిని రంగుటద్దాల కిటికీలూ సండేస్కూలూ తగలకుండా ఒక ఊహాలోకంలో పెడితే, మొదటిసారి చూసినట్టు దాని అసలు బలంతో కనబడదా అని ఆయన తలంపు. సండేస్కూలులో ఇరవై ఏళ్ళుగా చెబుతున్న నేను ఆ చోట పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. గొంతు తగ్గించి చెప్పేవాళ్ళలో నేనూ ఉన్నాను.

1955లో అమెరికానుంచి ఒక తల్లి ఉత్తరం వ్రాసింది. తొమ్మిదేళ్ళ కొడుకు యేసుకన్న ఆస్లాన్‌నే ఎక్కువ ప్రేమిస్తున్నానని భయపడుతున్నాడు, విగ్రహారాధన పాపమేమోనని బెంగ పెట్టుకున్నాడు, ఏం చేయమంటారని. లూయిస్ వెంటనే జవాబు వ్రాశారు. ఆస్లాన్ ఏ మాటలకు, ఏ పనులకు ఆ పిల్లవాడు అంత ఇష్టపడుతున్నాడో అవి యేసు అన్నవీ చేసినవే. కనుక వాడు ప్రేమిస్తున్నది యేసునే అని ధైర్యం చెప్పారు. ఇలా పిల్లలు వ్రాసిన ఉత్తరాలకు ఆయన ఓపికగా జవాబులు వ్రాసేవారు.

నా మనసులో నిలిచిపోయినది 1955లో వచ్చిన 'మాంత్రికుడి మేనల్లుడు'. అందులో డిగరీ అనే పిల్లవాడి తల్లి మంచాన పడి ఉంటుంది. మందు అడుగుదామని తల ఎత్తి చూస్తే సింహం కళ్ళలో కన్నీళ్ళు, తన కన్నీళ్ళకన్న పెద్దవి. చివరకు ఆ సింహం ఇచ్చిన పండు తిని ఆ తల్లి కోలుకుంటుంది. 1908లో బెల్‌ఫాస్టులో ప్రార్థన చేసిన పిల్లవాడు నలభై ఏడేళ్ళ తరువాత అచ్చువేయించిన కథ అది. టోల్కీన్ తీర్పు విని లూయిస్ ఆ మార్చిలో కాగితాలు సొరుగులో వేసి ఉంటే, ఈ కథ ఎక్కడ ఉండేది?

1949 చివరికి గురువారం గోష్ఠి ఆగిపోయింది. ఒక రాత్రి ఎవరూ రాలేదు, అంతే. టోల్కీన్, లూయిస్‌ల స్నేహంలోనూ వెనకటి వేడి తగ్గింది. కాని తెగలేదు. 1954లో లూయిస్‌కు కేంబ్రిడ్జిలో ప్రొఫెసరు పదవి వస్తే, తటపటాయిస్తున్న ఆయనను ఒప్పించినవారు టోల్కీన్. అదే సంవత్సరం టోల్కీన్ పుస్తకం మొదటి సంపుటం వస్తే, ఆకాశానికెత్తి సమీక్ష వ్రాసినవారు లూయిస్. 1961లో నోబెల్ బహుమానానికి టోల్కీన్ పేరు పంపినవారూ ఆయనే. నార్నియా తన సానుభూతికి అందనిదని టోల్కీన్ చివరిదాకా అంటూనే ఉన్నారు. 1963 నవంబరు 22న లూయిస్ చనిపోయినప్పుడు ఆ దెబ్బ ఎంత లోతున తగిలిందో కూతురికి ఉత్తరంలో వ్రాసుకున్నారు.

సరే, నా మేకపిల్ల సంగతి. మా సెక్షనులో కొత్తగా చేరిన కుర్రవాడొకడున్నాడు, ఛత్రపురంవాడు. నన్ను బాబాయిగారూ అంటాడు. ఒక శనివారం సాయంత్రం ఫైళ్ళు కట్టేశాక, రసీదు పుస్తకాల కిందనుంచి కాగితాలు తీసి వాడికి చదివి వినిపించాను. మధ్యలో బస్సు వేళ దాటిపోయింది, వాడు లేవలేదు. అంతా విని, "మేకపిల్ల దొరికాక పాదిరిగారెందుకు బాబాయిగారూ? అది ఆ కుర్రవాడి చెయ్యి నాకింది కదా, చాలదా?" అన్నాడు. చివరి పుటన్నర కొట్టేశాను. కష్టంగానే ఉండింది, ప్రసంగం నాకు బాగా కుదిరిందనుకున్న భాగం అది.

మరుసటి ఆదివారం పిల్లలకు చదివాను. ఒక చిన్నపిల్ల సగం ఒడియాలో, సగం తెలుగులో, మేకపిల్ల పేరేమిటని అడిగింది. నేను పేరు పెట్టనేలేదు! వాళ్ళే నాలుగు పేర్లు చెప్పి, దెబ్బలాడుకుని, చివరకు 'బుజ్జి' అని ఖాయం చేశారు. ఇప్పుడు బుజ్జికి రెండవ కథ వ్రాస్తున్నాను.

సోమవారం ఆఫీసులో ఎదుటి బల్ల మిత్రుడికి దిద్దిన ప్రతి ఇచ్చాను. చదివాడు. "పాదిరిగారు పోయారు, మంచిదే. మేకపిల్ల మాట్లాడడం మాత్రం నాకు ఇప్పటికీ నచ్చలేదోయ్" అన్నాడు. అని, డబ్బాలోంచి రెండు చెగోడీలు తీసి నా కాగితాల మీద పెట్టాడు.